మాటలు ఆలస్యం – నేరం రెండు భాషలదేనా?

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. బెంగుళూరులో అయితే కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ. తరతరాలుగా మన పిల్లలు ఇలాగే పెరుగుతున్నారు. అయినా రెండేళ్ళు దాటిన బిడ్డకు మాటలు రాకపోతే, మనవాళ్ళు మొట్టమొదట అనే మాట: "ఇన్ని భాషల మధ్య పాపం, వాడు తికమకపడుతున్నాడు." "వాళ్ళ నాన్నకూ నాలుగో ఏటగానీ మాట రాలేదు, కాస్త వస పోయండి" అని నాయనమ్మ ధైర్యం చెబుతుంది. ఆ ధైర్యంతోనే ఒక ఏడాది, రెండేళ్ళు గడిచిపోతాయి. బిడ్డకు ఆటిజం ఉంటే, సాయం ఎక్కువగా అందవలసిన ఏళ్ళు సరిగ్గా అవే.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. అలాంటి పిల్లలకు ఒక్కొక్క భాషలో మాటలు కాస్త తక్కువ ఉండవచ్చు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కవేయాలి. 'పాలు' తెలుగులో, 'తణ్ణి' తమిళంలో, 'బాల్' ఇంగ్లీషులో అన్నా అవి మూడు మాటలే.

అసలు చూడవలసింది మాటల కంటే ముందు వచ్చే వాటిని. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడాలి. ఏడాదిన్నరకు కావలసిన వస్తువునే కాక, కాకినో చందమామనో వేలితో చూపించి, మీరూ చూశారా లేదా అని మీ మొహంలోకి చూడాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనాలి. వేలు చూపడానికి ఏ భాషా అక్కరలేదు. భాషల వల్లే మాట ఆలస్యమైతే సైగలు ఆలస్యం కావు. ఇవి కనబడకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకండి. ఏ ఒక్క గుర్తుతోనో ఆటిజం అని తేల్చలేం గానీ, పరీక్షకు అది చాలిన కారణం.

పరీక్ష ఎలా ఉంటుంది?

ముందు పిల్లల డాక్టరు చూస్తారు. తరువాత వినికిడి పరీక్ష. శబ్దం వస్తే ఉలిక్కిపడుతున్నాడు కదా అని దీన్ని మానేయకూడదు. ఆపైన పిల్లల మానసిక వైద్యులో, క్లినికల్ సైకాలజిస్టో బిడ్డతో ఆడుతూ గమనిస్తారు, పుట్టిన నాటి నుంచి సంగతులన్నీ తల్లిదండ్రులను అడుగుతారు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. మన దేశంలో వాడే కొలమానాన్ని తయారుచేసింది సికింద్రాబాదులోని జాతీయ సంస్థే. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 అంతకు మించితే ఆటిజం ఉన్నట్లు లెక్క.

బెంగుళూరులో నిమ్హాన్స్, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ, భువనేశ్వరంలో ఎయిమ్స్, ముంబై బాంద్రాలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నాయి. యానాం వారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి దగ్గర. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య పథకం కింద అనేక జిల్లాల్లో చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలు కూడా వెలిశాయి.

వెళ్ళేటప్పుడు తెలుగును వెంట తీసుకెళ్ళండి

ఇంట్లో 'ముక్కేదీ?' అంటే చూపించే బిడ్డ, 'మూక్కు ఎంగే?' అంటే ఊరుకోవచ్చు. అది బిడ్డ లోపం కాదు. ఇంట్లో ఎవరు ఏ భాషలో మాట్లాడతారో మొదటే చెప్పండి. బిడ్డకు తెలిసిన మాటలన్నీ, భాష ఏదైనా, కాగితం మీద రాయండి. ఇంట్లో ఆడుకునేటప్పుడు ఫోనులో తీసిన వీడియోలు చూపించండి. తెలుగు వచ్చిన వారు ఉన్నారా అని అడగండి. లేకపోతే ప్రశ్నను మీరు తెలుగులో అడుగుతామనండి.

ఒక్కోసారి "ఇక ఇంట్లో ఒకే భాష మాట్లాడండి" అని సలహా వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో, రెండు భాషలు వినడం వల్ల వారి మాట మరింత వెనకబడినట్లు తేలలేదు. తెలుగు తప్ప మరొకటి రాని అమ్మమ్మ ఆ సలహాతో మూగదైపోతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పే మనిషిని బిడ్డకు దూరం చేయడం వైద్యం కాదు.

తల్లిని తప్పుపట్టడం కూడా మానాలి. తల్లి ప్రేమ చాలకే ఈ స్థితి వస్తుందని ఒకప్పుడు వైద్యులే అన్నారు. ఆటిజం ఉన్న కుమారుడి తండ్రి, సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. ధ్రువపత్రం కోసం సొంత ఊరికి వెళ్ళనక్కరలేదు, మీరు నివాసముండే జిల్లాలోనే దరఖాస్తు చేయవచ్చు. దానితో వచ్చే గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది.

పెద్దవాళ్ళకూ పరీక్ష ఉంది. 'వింతమనిషి', 'మొండిఘటం' అనిపించుకుంటూ నలభై ఏళ్ళు గడిపిన వారు మన కుటుంబాల్లో లేకపోలేదు. వారి విషయంలో బాల్యపు సంగతులే ఆధారం. అవి గుర్తున్న పెద్దమ్మనో మేనత్తనో వెంటబెట్టుకుని మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళండి.

పరీక్షలో ఏమీ లేదని తేలితే నిశ్చింత. ఉందని తేలితే, మాట నేర్పే శిక్షణ, ఆటల శిక్షణ ఆ నెలలోనే మొదలుపెట్టవచ్చు. పిల్లవాడు నిన్నటి పిల్లవాడే, మనకు దారి తెలిసిందంతే. వస పోయాలనుకుంటే పోయండి, డాక్టరు దగ్గరకు మాత్రం ఈ వారమే వెళ్ళండి.