మద్యవ్యసనం నుండి విడుదల: ఆధ్యాత్మికత, సహవాసం

మన సంఘాలలో మద్యానికి బానిసైనవారి మధ్య పరిచర్య తరచుగా ఒకే రీతిగా సాగుతుంది. కూటంలో అతడు ముందుకు వస్తాడు, కాపరి ప్రార్థిస్తాడు, ఇక ముట్టనని అతడు ప్రమాణం చేస్తాడు. కొన్ని వారాలకు మరల త్రాగితే సిగ్గుతో ఆరాధనకు రావడం మానేస్తాడు. అతని విశ్వాసం నిజమైనది కాదని మనం తీర్మానిస్తాం. లోపం అతని భక్తిలోనే ఉన్నదా? మన సహవాసంలో కూడా ఉన్నదా? ఆల్కహాలిక్స్ అనానిమస్ ఉద్యమ ఆరంభ చరిత్ర వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

1. ఆక్రన్‌లో జరిగినది

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఆక్రన్ పట్టణంలో బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో రెండేళ్లకు పైగా పాల్గొన్నాడు. వాక్యం చదివాడు, ప్రార్థించాడు, అయినా త్రాగుడు మానలేకపోయాడు.

న్యూయార్క్ వాసి బిల్ విల్సన్ 1934 డిసెంబరులో ఆసుపత్రిలో ఒక ఆధ్యాత్మిక అనుభవం పొంది త్రాగుడు మానాడు. తరువాతి నెలల్లో అనేకమంది త్రాగుబోతులకు బోధించాడు. వారిలో ఎవరూ నిలకడగా మానలేదు, అయితే అతడు మాత్రం నిలిచాడు. 1935 మే నెలలో వ్యాపార పనిమీద ఆక్రన్ వచ్చాడు. ఆ పని చెడిపోయి హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు త్రాగాలనే శోధన బలంగా కలిగింది. అప్పుడతడు సంఘాల పట్టిక చూసి ఒక పాదిరికి ఫోన్ చేశాడు. తనవంటి మరొక త్రాగుబోతుతో మాట్లాడాలని కోరాడు. ఆ ఫోన్ చివరకు అతనిని బాబ్ యొద్దకు నడిపించింది.

బిల్ ప్రసంగించలేదు, తన కథ చెప్పుకున్నాడు. ఈ బాధను స్వానుభవంతో ఎరిగి మాట్లాడిన మొదటి మనిషి ఇతడేనని బాబ్ తరువాత వ్రాశాడు. అయినా కొన్ని వారాలకే వైద్యుల సమావేశానికి వెళ్లి బాబ్ మరల త్రాగాడు. బిల్, బాబ్ భార్య అతనిని త్రోసివేయక, దగ్గరుండి కోలుకొనేలా చేశారు. 1935 జూన్ 10 బాబ్ చివరిసారి త్రాగిన దినం. ఆ దినాన్నే ఆల్కహాలిక్స్ అనానిమస్ తన ఆరంభ దినంగా ఎంచుకున్నది. పడిపోయినవానిని తిరిగి చేర్చుకొనడంతోనే ఆ సహవాసం మొదలైంది.

2. ఒప్పుకోలు, సహవాసం

1939లో ప్రచురితమైన పన్నెండు మెట్లలో మొదటిది తన నిస్సహాయతను ఒప్పుకొనడం. అయిదవది తన తప్పులను దేవుని యెదుట, తన యెదుట, మరొక మనిషి యెదుట ఒప్పుకొనడం. తొమ్మిదవది నష్టపరచినవారితో సరిచేసుకొనడం. పన్నెండవది ఇతర వ్యసనపరులకు తోడ్పడటం. యాకోబు 5:16, లూకా 19:8 ఎరిగిన మనకు ఇవి కొత్తవి కావు. ఆక్రన్‌లోని తొలి సభ్యులు యాకోబు పత్రికను, కొండమీది ప్రసంగాన్ని, 1 కొరింథీ 13ను ముఖ్యంగా చదివేవారు.

1 యోహాను 1:7 వెలుగులో నడవడాన్ని, అన్యోన్య సహవాసాన్ని జతపరుస్తుంది. దాచుకొనవలసిన చోట కొయినోనియా ఉండదు. బాబ్‌కు ప్రార్థన లేకపోలేదు. తన బలహీనతను దాచకుండా చెప్పుకోగల తోటి బాధితుడే అతనికి కొరతగా ఉన్నాడు.

అయితే ఒక భేదం గమనించాలి. ఆ ఉద్యమం దేవుని ఎవరికి వారు గ్రహించినట్లు తలంచుటకు విడిచిపెడుతుంది. అది సంఘం కాదు. మనం క్రీస్తునందలి రక్షణను ప్రకటిస్తాం. అయినా సంఘ వారసత్వం నుండి అది తీసుకొన్నదానిని మనం మరల నేర్చుకొనవచ్చు. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. పూర్తిగా మాని నిలిచే విషయంలో, ఈ సహవాసానికి క్రమపద్ధతిలో నడిపించే చికిత్స ఇతర ప్రసిద్ధ చికిత్సల కంటే మెరుగైన ఫలితమిచ్చినట్లు తేల్చింది.

3. కాపరులకు సూచనలు

అ) ప్రతిదినం అధికంగా త్రాగేవారు అకస్మాత్తుగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం రావచ్చు. ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టక ముందే వైద్యునికి చూపించండి. అది అవిశ్వాసం కాదు.

ఆ) జీవితకాల ప్రమాణం అడగకండి, ఈ దినానికి నిలువమనండి. త్రాగుడు మానిన ఇద్దరు ముగ్గురితో వారం వారం కూడుకొనే ఏర్పాటు చేయండి.

ఇ) అక్కడ విన్నదానిని ప్రసంగంలో ఉదాహరణగా వాడకండి. ఒక్కసారి బయటపడితే మరెవరూ నోరు విప్పరు.

ఈ) పడిపోయాడని తెలిసిన మరునాడే ఇంటికి వెళ్లండి. గలతీ 6:1 సాత్వికమైన మనస్సుతో మంచిదారికి తేవాలని కోరుతుంది.

ఉ) భార్యాపిల్లలను మరువకండి. దెబ్బలు సహించమని భార్యకు బోధించకండి, ఆమె క్షేమం ముందు చూడండి.

ఊ) ప్రభువు బల్లలో పులియని ద్రాక్షరసమే వాడండి.

ముగింపు

ఆక్రన్‌లో ఆ రోజు ఫోన్ ఎత్తిన పాదిరి వ్యసన నిపుణుడు కాడు. అతడు ఆ మాట విన్నాడు, కొందరి పేర్లు ఇచ్చాడు. మరల త్రాగిన మన సంఘస్థుడు మొదట ఫోన్ చేసేది మనకేనా? లేక మనకు తెలియకుండా దాచుకొనవలసి వస్తున్నదా? మన పరిచర్యను ఈ ప్రశ్నతో పరీక్షించుకొందుము గాక.