మీ జిమ్మీకి టానిక్కు పనిచేస్తోందా? వంటింటి క్యాలెండర్‌ని అడగండి!

"వదినా, మీ జిమ్మీ ఒళ్ళు ఏటిలా నిగనిగలాడిపోతంది? ఏటి పెడతన్నావేటి?"

"ఏటీ లేదే! కొత్త టానిక్కు. రోజూ పొద్దున్న రెండు చెంచాలు పోస్తన్నాను, అంతే!"

శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో సాయంత్రం పూట పెరటి గోడకి ఇటూ అటూ నిలబడి ఇద్దరు ఇల్లాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు దొర్లుతుంది. మర్నాటికల్లా రెండో ఇంట్లోనూ అదే సీసా ప్రత్యక్షం! కాల్షియం సిరప్పు, లివర్ టానిక్కు, ఒంటి మెరుపుకి చేపనూనె, కీళ్ళకి మాత్రలు, ఆకలికి చుక్కలు... ఇంట్లో పెద్దవాళ్ళ మందుల కన్నా కుక్క మందులే ఎక్కువైపోయిన ఇళ్ళు లేకపోలేదు.

తప్పేం లేదు. నోరులేని జీవం, మనల్ని నమ్ముకుని గుమ్మంలో పడుకునే ప్రాణం. దాని కోసం నాలుగు డబ్బులు ఖర్చు పెట్టడం మంచి మనసే. కాని ఆ సీసా నిజంగా పనిచేస్తోందా, లేదా? ఈ సంగతి ఎలా తెలుసుకోవాలి? ఇది ఒక్క డబ్బు గొడవే కాదండీ. టానిక్కు మీద భరోసాతో రెండు నెలలు గడిపేస్తే, లోపల ఉన్న అసలు జబ్బు ముదిరిపోయే ప్రమాదం ఉంది.

మన కళ్ళే మనల్ని మోసం చేస్తాయి

మనుషుల మందుల విషయంలో ఒక మాట వినే ఉంటారు. ఉత్తి పంచదార మాత్ర ఇచ్చి "ఇది మందు" అంటే కొందరికి నిజంగానే తేలికగా అనిపిస్తుంది. "మరి కుక్కకి ఆ నమ్మకం ఎక్కడుంటుంది?" అంటారా? కుక్కకి లేదు, కాని దాన్ని చూసే మనకి ఉంది కదా!

2012లో అమెరికా పశువైద్యుల పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కీళ్ళ నొప్పితో కుంటే కుక్కలకి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. కుక్క ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో చెప్పే యంత్రం మీద నడిపించి కొలిచారు. యజమానులనూ అడిగారు. యంత్రం ఏ మార్పూ లేదని చెప్పినా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులకి మెరుగు కనబడింది. వాళ్ళ సంగతి సరే, నడక చూసి చెప్పిన డాక్టర్లు కూడా చాలాసార్లు అలాగే పొరబడ్డారు. ప్రేమగా చూసే కంటికి మంచే కనబడుతుంది మరి!

ఇంకో చిక్కుంది. మనం టానిక్కు ఎప్పుడు కొంటాం? కుక్క బాగా నీరసించినప్పుడో, జుట్టు గుత్తులు గుత్తులుగా రాలుతున్నప్పుడో. చాలా బాధలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. జుట్టు రాలే కాలం పోయి కొత్త జుట్టు దానంతటదే వస్తుంది. వానాకాలం దురద, వానలు వెళ్ళాక కొంత సర్దుకుంటుంది. పేరు మాత్రం సీసాకి వస్తుంది!

ఇది కూడా గమనించండి. టానిక్కు వాసన నచ్చక కుక్క మొహం తిప్పుకుంటే ఏం చేస్తాం? ఉడికించిన గుడ్డులోనో, కోడిమాంసం ముక్కల్లోనో కలిపి పెడతాం. నెల తిరిగేసరికి ఒళ్ళు చేసిందంటే అది టానిక్కు మహిమా, గుడ్డు మహిమా?

ముందు గిన్నెలో ఏముందో చూడండి

పులుసులో ఉప్పు తక్కువైతే చిటికెడు వేస్తే రుచి వస్తుంది. సరిపోయినదానికి ఇంకో చెంచా వేస్తే? టానిక్కు సంగతీ అంతే. లోటు ఉన్నచోట అది పనిచేస్తుంది. లోటు లేనిచోట వృథా, ఒక్కోసారి చేటు.

మన వైపు చాలా ఇళ్ళల్లో కుక్కకి పాలన్నం, పెరుగన్నం, చోడి అంబలి, ఆదివారం మాంసం ముక్కలు. అంబలి మంచిదే. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాని తెల్లన్నం, ఎముకల్లేని మాంసం మాత్రమే తిని పెరిగే పిల్లకి కాల్షియం నిజంగానే చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బొత్తిగా తక్కువ. అలాంటి పిల్లల కాళ్ళు వంకర్లు పోవడం, ఎముకలు పుటుక్కున విరగడం పశువుల డాక్టర్లకి తెలిసిన జబ్బే.

ఇంటి వంట అనగానే అన్నీ ఉన్నట్టు అనుకోకూడదు. 2013లో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు కుక్కల కోసం ఇంట్లో వండుకునే 200 వంటకాల విధానాలను లెక్క కడితే, నూటికి 95 వాటిల్లో కనీసం ఒక్క ముఖ్య పోషకమైనా తక్కువ పడింది. కాబట్టి ఇంటి తిండి తినే కుక్కకి ఏదో ఒకటి కలపాల్సి రావచ్చు. ఆ "ఏదో ఒకటి" ఏమిటో డాక్టరు గారు చెప్పాలి, పక్కింటివాళ్ళు కాదు. మీరు వెళ్ళేటప్పుడు వారం రోజుల పాటు కుక్క ఏం తిందో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి.

అదే అన్ని పోషకాలూ ఉన్న కంపెనీ మేత పూర్తిగా పెడుతున్నారనుకోండి, దాని మీద మళ్ళీ కాల్షియం వద్దు. ముఖ్యంగా లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి పిల్లలకి. 1985లో నెదర్లాండ్స్ పశువైద్యులు గ్రేట్ డేన్ పిల్లలకి అవసరానికి మించి కాల్షియం పెట్టి చూస్తే, ఎముకలు బలపడకపోగా ఎదుగుదల దెబ్బతింది. చిన్న పిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని సరిగ్గా ఆపలేవు, పెట్టేకొద్దీ లోపలికి పోతూ ఉంటుంది. "ఎముకలు గట్టిపడాలి" అని మనం పోసే సిరప్పే ఎముకల్ని పాడుచెయ్యగలదన్నమాట!

సీసా కంటే ముందు మూడు పనులు

ఒకటి, కడుపులో పురుగులు. ఎంత మంచి టానిక్కు పోసినా లోపల కొంకి పురుగులు రక్తం తాగుతుంటే ఏం లాభం? పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోతే రక్తం తక్కువని అర్థం. పెద్ద కుక్కలకి సాధారణంగా 3 నెలలకోసారి నులిపురుగుల మందు పట్టిస్తారు. మోతాదు బరువుని బట్టి డాక్టరు గారు చెబుతారు.

రెండు, గోమార్లు. మన తీరం ఉక్కకి ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో వెతకండి. వీటి వల్ల వచ్చే జ్వరాలు కుక్కని లోపల్లోపల తినేస్తాయి. నీరసం, తిండి మీద విముఖత, ముక్కు నుంచి రక్తం వంటివి కనబడితే అది టానిక్కుతో పోయేది కాదు, వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

మూడు, ముసలి కుక్క మూత్రపిండాలు. ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల వాళ్ళకి "క్రియాటినిన్" అన్న మాట వేరే చెప్పక్కర్లేదు. పైకి ఏమీ తెలియకుండానే కిడ్నీలు సగానికి పైగా పాడైపోతాయని ఆ ప్రాంతం ఇల్లాళ్ళకి బాగా తెలుసు. కుక్కలోనూ అంతే. ఎక్కువగా నీళ్ళు తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తూ, చిక్కిపోతుంటే ముందు అదే క్రియాటినిన్ పరీక్ష. కిడ్నీ చెడిన కుక్కకి భాస్వరం, విటమిన్ డి ఉన్న టానిక్కులు మరింత కీడు చెయ్యగలవు.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. అన్నట్టు, ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ వాళ్ళు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. ఏ టానిక్కూ ఆ టీకాకి సాటిరాదు.

ఇక క్యాలెండర్ పరీక్ష

వంటింట్లో గోడకి క్యాలెండర్ ఉంటుంది కదా? పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ అన్నీ దానిమీదే రాస్తాం. కుక్క లెక్క కూడా అక్కడే రాయండి.

1. సీసా మూత తియ్యకముందే 2 వారాలు రాయండి. తిండి ఎంత తిన్నది, విరేచనం ఎలా ఉంది, గంటలో ఎన్నిసార్లు గోక్కుంది, మేడ మెట్లు ఆగకుండా ఎన్ని ఎక్కింది. "బాగుంది, బాగోలేదు" అని కాదు, అంకెలు వెయ్యండి.

2. బరువు చూడండి. కుక్కని ఎత్తుకుని కాటా మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేస్తే సరి. పెద్ద కుక్కయితే ఆసుపత్రి కాటా మీద తూయించండి.

3. పక్కటెముకల మీద చేత్తో రాయండి. మీ అరచేయి బోర్లించి వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో అలా తగిలితే సరైన ఒళ్ళు. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే చిక్కినట్టు. అరచేతి కండలా మెత్తగా ఉండి ఎముకే తగలకపోతే కొవ్వు పట్టినట్టు. ఒళ్ళు రావడం వేరు, ఆరోగ్యం రావడం వేరు సుమండీ!

4. ఒకసారికి ఒక్క మార్పే. టానిక్కు మొదలెట్టిన వారంలో మేత, సబ్బు, పురుగుల మందు ఏవీ మార్చకండి. అన్నీ కలిపేస్తే దేనివల్ల గుణం వచ్చిందో బ్రహ్మకి కూడా తెలియదు.

5. గడువు పెట్టుకోండి. జుట్టుకీ, చర్మానికీ 2 నెలలు, కీళ్ళకి 2 నుంచి 3 నెలలు. ఈలోగా జబ్బు లక్షణాలు కనబడితే గడువు మాట మర్చిపోయి డాక్టరు దగ్గరకి వెళ్ళండి.

6. మొదటి రోజు, నెలకి, రెండు నెలలకి ఒకేచోట, ఒకే వేళకి సెల్‌ఫోన్‌లో వీడియో తియ్యండి. తేదీలు చెప్పకుండా పక్కింటావిడకో, మీ ఆడపడుచుకో చూపించి "ఏది బాగుంది?" అని అడగండి. టానిక్కు సంగతి తెలియని కంటికి కూడా తేడా కనబడితే ఆశ పెట్టుకోవచ్చు.

7. ఆఖరి పరీక్ష. డాక్టరు గారిని అడిగి ఒక నెల ఆపి చూడండి. ఆపినా ఏ తేడా లేకపోతే ఆ డబ్బు గుడ్లకి పెట్టండి. ఆపితే మళ్ళీ గోకుడు, కుంటుడు మొదలైతే, మళ్ళీ మొదలెట్టగానే తగ్గితే పనిచేస్తున్నట్టే.

అన్ని టానిక్కులూ ఒకటి కావు. కీళ్ళ నొప్పి ఉన్న కుక్కలకి చేపనూనెలోని ఒమేగా 3 కొవ్వులు మేలు చేస్తాయని పరిశోధనల్లో తేలింది. గ్లూకోసమైన్ మాత్రల మీద మాత్రం ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. విటమిన్ సి కుక్క లివర్‌లోనే తయారవుతుంది, ఆరోగ్యంగా ఉన్న కుక్కకి విడిగా అక్కర్లేదు. కళింగపట్నం, భావనపాడు తీరాల నుంచి వచ్చే కవళ్ళలో కూడా అవే ఒమేగా కొవ్వులున్నాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి వారానికి ఒకటి రెండుసార్లు పెట్టొచ్చు. ఎండుచేప మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ.

మన మందులు దానికొద్దు

పాలల్లో కలుపుకుని వారానికోసారి తాగే విటమిన్ డి పొట్లంలో 60,000 యూనిట్లుంటాయి. 10 కిలోల కుక్క అది తింటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు పట్టీకి పట్టీ నమిలేసినా ప్రాణం మీదకే వస్తుంది. పంచదార లేని చూయింగ్ గమ్‌ల్లో, కొన్ని సిరప్పుల్లో వాడే జైలిటాల్ కుక్కలకి విషం. కాడ్ లివర్ ఆయిల్ వేరు, చేపనూనె వేరు. కాడ్ లివర్ ఆయిల్‌లో విటమిన్ ఎ, డి ఎక్కువ, రోజూ పోస్తే పేరుకుపోతాయి. మందుల డబ్బా ఎత్తయిన అరలో పెట్టండి. పొరపాటున తినేస్తే వాంతి అయ్యేదాకా ఎదురుచూడకుండా, అట్టపెట్టె చేత పట్టుకుని డాక్టరు దగ్గరకి పరుగెత్తండి.

నెల ఖర్చులో పది రూపాయలు తేడా వస్తే పాలవాడితో, కిరాణా కొట్టువాడితో లెక్క తేల్చుకునేదాకా ఊరుకోని మనం, సీసా మీద బొమ్మ చూసి ఎందుకు నమ్మెయ్యాలి? ఇవాళే ఒక పెన్ను తీసి, క్యాలెండర్లో ఈ రోజు గడిలో మీ కుక్క బరువు రాయండి. రెండు నెలలయ్యాక సీసా ఉండాలో పోవాలో ఆ గళ్ళే చెబుతాయి.