కార్యాలయ కంప్యూటర్‌లోనే వెబ్ సర్వర్: పిహెచ్‌పి పేజీలను ముందుగా పరీక్షించే విధానం

తుపాను హెచ్చరిక వెలువడిన రోజున ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పత్రికా ప్రకటనల పేజీ తెరుచుకోకపోతే కలిగే ఇబ్బంది స్వల్పమైనది కాదు. పాఠశాలల సెలవు, సహాయ శిబిరాలు, సహాయక ఫోన్ నంబర్ల వివరాల కొరకు విలేకరులు, క్షేత్రస్థాయి అధికారులు ఆ పేజీనే ఆశ్రయిస్తారు. చేసిన మార్పును మరొకచోట సరిచూడకుండా నేరుగా ప్రధాన సర్వర్‌లో ఉంచడం ఇటువంటి అంతరాయాలకు ఒక కారణం. దీనిని నివారించేందుకు కార్యాలయంలోని సాధారణ కంప్యూటర్‌నే పరీక్షా సర్వర్‌గా మార్చుకోవచ్చు. ఇందుకు ప్రత్యేక వ్యయం అవసరం లేదు.

రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో ప్రారంభించి 1995లో విడుదల చేసిన పిహెచ్‌పి, సర్వర్‌పై నడిచే స్క్రిప్టింగ్ భాష. ఇందులో వ్రాసిన ఆదేశాలను సర్వర్ అమలుపరచి, ఫలితాన్ని మాత్రమే హెచ్‌టిఎంఎల్ రూపంలో బ్రౌజర్‌కు పంపుతుంది. కనుక పిహెచ్‌పి ఫైలుపై రెండుసార్లు క్లిక్ చేసి తెరచినంత మాత్రాన పేజీ కనిపించదు. సర్వర్ అనే మధ్యవర్తి ఉండి తీరాలి.

అపాచీ సర్వర్, పిహెచ్‌పి, డేటాబేస్ మూడింటిని ఒకేసారి స్థాపించే ఉచిత ప్యాకేజీ ఎక్సాంప్. 2015 నుంచి ఇందులో మై ఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడిబి లభిస్తున్నది. విండోస్‌లో దీనిని సి డ్రైవ్‌లో నేరుగా స్థాపించడం ఉత్తమం. అనంతరం కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీని ప్రారంభించి, హెచ్‌టిడాక్స్ ఫోల్డర్‌లో పేజీలను ఉంచి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని గాని 127.0.0.1 అని గాని టైపు చేయవలసి ఉంటుంది. ఆ చిరునామా ఎల్లప్పుడూ అదే కంప్యూటర్‌ను సూచిస్తుంది. అపాచీ ప్రారంభం కాకపోతే 80వ పోర్టును వేరొక ప్రోగ్రామ్ ఆక్రమించిందేమో పరిశీలించి, అమరికల ఫైలులో 8080కి మార్చుకోవచ్చు. అప్పుడు చిరునామా చివర ఆ సంఖ్యను కూడా చేర్చాలి.

అసలు చిక్కులు తెలుగు విషయంలోనే ఎదురవుతాయి. యూటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు అవసరం. 'తెలుగు' అనే మాట చూపునకు మూడక్షరాలే అయినా, గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. శీర్షికను మొదటి 100 బైట్లకు కుదించమని ఆదేశిస్తే, మధ్యలో ఖాళీలు లేని పక్షంలో 33 సంకేతాల తర్వాత ఒక బైటు తెగి మిగులుతుంది. తెరపై అది ప్రశ్నార్థకపు గుర్తుగా దర్శనమిస్తుంది. ఆంగ్ల శీర్షికలతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు. బహుబైట్ ఫంక్షన్లు వాడితే బైట్లు తెగవు గాని, గుణింతపు గుర్తు తన అక్షరం నుంచి విడిపోయే ప్రమాదం మిగిలే ఉంటుంది. 'గు' కాస్తా 'గ'గా మారితే పేరే మారిపోవచ్చు. అక్షరాన్ని అక్షరంగా లెక్కించాలంటే ఇంటిఎల్ అనే అనుబంధ భాగాన్ని క్రియాశీలం చేసి అందులోని గ్రాఫీమ్ ఫంక్షన్లు వినియోగించాలి. డేటాబేస్ పట్టికలకు యూటిఎఫ్8ఎంబి4 ఎంచుకోవడం శ్రేయస్కరం.

పాత వెబ్‌సైట్ల నకలును పరీక్షించేవారు మరొకటి గమనించాలి. డేటాబేస్‌తో అనుసంధానానికి ఒకప్పుడు విరివిగా వాడిన 'మై ఎస్‌క్యూఎల్' ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పిహెచ్‌పి 7లో పూర్తిగా తొలగించారు. అవి ఉన్న పేజీలు కొత్త సర్వర్‌లో నిలిచిపోతాయి. వాటిని మై ఎస్‌క్యూఎల్‌ఐ లేదా పిడిఓ పద్ధతిలోకి మార్చాలి. ఫైళ్ల పేర్లలో పెద్ద, చిన్న ఆంగ్ల అక్షరాల తేడాను విండోస్ సాధారణంగా పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది. కార్యాలయంలో చక్కగా కనిపించిన ఛాయాచిత్రం ప్రధాన సర్వర్‌లో మాయం కావడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఎక్సాంప్ పరీక్షల కొరకే ఉద్దేశించినది, ప్రజలకు అందుబాటులో ఉంచుటకు కాదు. దాని డేటాబేస్ ప్రధాన వినియోగదారునికి తొలుత పాస్‌వర్డ్ సైతం ఉండదు. కార్యాలయ నెట్‌వర్క్‌లోని ఇతరులు ప్రవేశించకుండా అపాచీని 127.0.0.1కే పరిమితం చేయాలి. పరీక్షల వేళ దోష సందేశాలను తెరపై చూపే అమరిక ఎంతో ఉపయోగకరం. ప్రధాన సర్వర్‌లో మాత్రం ఫోల్డర్ల వివరాలు బయటపడకుండా దానిని తప్పనిసరిగా నిలిపివేసి, దోషాలు లాగ్ ఫైలులో నమోదయ్యేట్లు చూడాలి.