ఖేడ్ నల్లరేగడిలో ఒక పీహెచ్‌డీ

హైదరాబాదు నుంచి నారాయణఖేడ్‌కు కారులో వెళ్తుంటే పటాన్‌చెరు వస్తుంది, సంగారెడ్డి వస్తుంది, జోగిపేట దారి పట్టాక తాడ్దాన్‌పల్లి టోల్‌గేటు వస్తుంది. ఈ రోడ్డు మీద మనలో చాలామంది చిన్నప్పటి నుంచి తిరిగినవాళ్లమే. వ్యవసాయంలో డాక్టరేటు చేస్తానన్న పిల్లలు ఊళ్లో ఎవరైనా కనిపిస్తే, ప్రవేశ పరీక్ష గురించి చెప్పేముందు ఈ రోడ్డు మీద జరిగిన కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో మొదలైంది. అక్కడి ఆవరణలో ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. నల్లరేగడిలో 1976 నుంచి రెండు సేద్య పద్ధతులను పక్కపక్కనే పెట్టి పోల్చారు. మొదటిది మన తాతల పద్ధతి: వానాకాలమంతా భూమిని బీడుగా ఉంచి, గుంటక తోలి కలుపు చంపి, లోపల నిలిచిన పదునుతో యాసంగిలో జొన్నో శనగో వేయడం. రెండోది శాస్త్రవేత్తల పద్ధతి: వెడల్పాటి ఎత్తుమడులు, వాటి మధ్య కాలువలు, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తనం, కంది లాంటి పంటతో అంతర పంట, మేలు రకాలు, ఎరువులు. ఏళ్ల తరబడి లెక్క తీస్తే మొదటిదాంట్లో హెక్టారుకు ఇంచుమించు 1 టన్ను గింజ, రెండోదాంట్లో దాదాపు 5 టన్నులు. అదే నేల, అదే వాన.

ఇంత తేడా కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? రైతుకు చూపిస్తే చాలు, ఎగబడి తీసుకుంటాడనే కదా. 1981లో ఆ పద్ధతిని తాడ్దాన్‌పల్లి రైతుల పొలాల్లోకే తీసుకెళ్లారు. పంట బాగానే పండింది. కానీ పద్ధతి మొత్తంగా ఊళ్లలో నిలవలేదు. ఎత్తుమడులు తీర్చడానికి ఎడ్లు లాగే చక్రాల పనిముట్టు కావాలి. దాని ఖరీదు చిన్న రైతుకు అందేది కాదు. పొడి దుక్కిలో విత్తాక తొలి వాన మురిపించి మొహం చాటేస్తే విత్తనం నేలపాలు. రైతులు తమకు పనికొచ్చినంత మటుకు తీసుకున్నారు: మేలు విత్తనం, ఎరువు, వానాకాలం పంట. చక్రాల బండిని వదిలేశారు. పాల్ స్టార్కీ అనే పరిశోధకుడు ఇలాంటి పనిముట్లు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమయ్యాయో ఆరా తీసి 1988లో ఒక పుస్తకమే రాశాడు. సాంకేతికంగా వంక లేనివి, రైతులు మాత్రం వద్దన్నవి అన్నది ఆయన తేల్చిన మాట. రైతు మొండివాడని ఆ రోజుల్లో అన్నవాళ్లున్నారు. నా లెక్కలో రైతు ఆ రోజు సరైన పరీక్షే పెట్టాడు.

పంట ఉత్పత్తి శాస్త్రంలో, అంటే కాలేజీల్లో అందరూ అగ్రానమీ అనే విభాగంలో, పీహెచ్‌డీకి అసలైన ప్రశ్న ఈ చోటనే పుడుతుంది. విత్తనంలో ఏముందో జన్యుశాస్త్రం చెబుతుంది. ‘ఆశ’ కంది రకం జన్యుక్రమాన్ని ఇక్రిశాట్ నాయకత్వంలో 2011లోనే విప్పారు. ఆ విత్తనాన్ని ఎప్పుడు వేయాలి, సాలుకూ సాలుకూ ఎంత ఎడం, పక్కన ఏ పంట, ఎంత ఎరువు, కూలీలు దొరక్కపోతే ఏం చేయాలి అన్నవి అగ్రానమీ ప్రశ్నలు.

ఈ చదువుకు దారి కొంచెం పొడుగే. నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు. రాజేంద్రనగర్‌లో 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలంగాణ వచ్చాక 2014లో అక్కడే ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో మన విశ్వవిద్యాలయం నిలబడింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జాతీయ పరీక్ష రాస్తే దేశంలో మిగతా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ సీటుకు పోటీ పడొచ్చు. పీహెచ్‌డీకి మొత్తం 100 క్రెడిట్లయితే అందులో 75 పరిశోధనవే. అంటే క్లాసులో కంటే పొలంలో ఎక్కువ గడపాలి.

పొలంలో గడపడమంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. కంది, సోయా కలిపి వేసే ప్రయోగమనుకోండి. నేలను చిన్న మడులుగా విడగొట్టి, ఏ మడికి ఏ పద్ధతి అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించి, ప్రతి పద్ధతినీ మూడు నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ వేస్తారు. ఒక మూల నేల సారవంతమైతే ఆ గొప్ప పద్ధతి ఖాతాలో పడకూడదు కదా. నెలకోసారి మొక్కలు పీకి, ఆకుల వైశాల్యం కొలిచి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి తూకం వేస్తారు. కోత రోజు మడి అంచు సాళ్లను విడిగా కోసి పక్కన పెడతారు. అంచు మొక్కకు గాలీ వెలుతురూ ఎక్కువ, దాన్ని లెక్కలో కలిపితే దిగుబడి అబద్ధం చెబుతుంది.

ఇక లెక్క. కంది ఒక్కటే వేస్తే ఎకరాకు 6 క్వింటాళ్లు, సోయా ఒక్కటే వేస్తే 8 అనుకుందాం. కలిపి వేస్తే కంది 4.5, సోయా 5.2 వచ్చాయనుకుందాం. కంది తన పూర్తి దిగుబడిలో 0.75 వంతు, సోయా 0.65 వంతు. కూడితే 1.40. అంటే కలిపి వేసిన 1 ఎకరంలో వచ్చింది విడివిడిగా పండించాలంటే 1.40 ఎకరాలు కావాలి. పరిశోధకులు రెండు పంటలతో ఈ లెక్క వేస్తుంటే, పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఒకే చేనులో డజనుకు పైగా పంటలు పండించి చూపించారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల చేను లెక్క తేల్చే థీసిస్ రాయడం తేలిక కాదు, అందుకే రాయాలి.

నారాయణఖేడ్‌కు వస్తే ప్రశ్నలకు కొదవ లేదు. 1956 దాకా ఇది బీదర్ జిల్లా తాలూకా. ఇప్పటికీ సర్వేకు వెళ్లే విద్యార్థికి తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ, లంబాడీ నాలుగు ముక్కలు రావాలి. మంజీర దగ్గరలోనే ఉన్నా సేద్యం ఎక్కువగా వాన మీదే. దసరా దాటితే తండాల నుంచి ఎన్నో కుటుంబాలు చెరుకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్ర వెళ్తాయి. కంది కోతకొచ్చేసరికి ఊళ్లో చేతులుండవు. యంత్రంతో కోయాలంటే మొక్క నిటారుగా, ఒకే ఎత్తులో ఉండి, కాయ ఒకేసారి పండాలి. ఎంత దగ్గరగా వేస్తే అలా పెరుగుతుంది, నల్లరేగడి తడిస్తే యంత్రం దిగుతుందా, ఎండు తెగులు, వెర్రి తెగులు తట్టుకునే రకాల్లో ఏది దీనికి సరిపోతుంది? ఇందులో ఒక్కదానికి నిక్కమైన జవాబు దొరికినా డిగ్రీ సార్థకమే. అడవి పందుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. రెండేళ్ల ప్రయోగాన్ని ఒక్క రాత్రిలో తేల్చేయగలవు.

అమెరికాలో ఇదే చదువు చదవాలనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ ముందు ప్రొఫెసర్, తర్వాతే దరఖాస్తు. ఆయన దగ్గర ప్రాజెక్టు సొమ్ముంటే అసిస్టెంట్‌షిప్ వస్తుంది, ఫీజు భారం తగ్గుతుంది. మన రాజేంద్రనగర్‌కు తొలినాళ్లలో చేయూతనిచ్చింది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే. ఈ కాలంలో అక్కడే మన తెలుగువాడు పి.వి. వరప్రసాద్ ఎండ వేడికి పంటలు ఎలా దెబ్బతింటాయన్న దాని మీద పేరున్న శాస్త్రవేత్త. సాయం అటు నుంచి ఇటు వచ్చింది, మనిషి ఇటు నుంచి అటు వెళ్లాడు.

ఈ సంచిక చదివేవాళ్లలో ఖేడ్, కంగ్టి, మనూరు, కల్హేర్, సిర్గాపూర్ వైపు భూములున్నవాళ్లు ఉన్నారు. ఆ భూములు చాలావరకు కౌలుకే నడుస్తున్నాయి. పరిశోధన కేంద్రం గోడ లోపల పండింది బయట ఎందుకు పండదో తేలాలంటే రైతు పొలంలోనే ప్రయోగం జరగాలి. అక్కడొచ్చే చిక్కు చిన్నదే: కొత్త పద్ధతి బెడిసికొడితే ఆ మడిలో దిగుబడి తగ్గుతుంది. ఆ నష్టం కౌలుదారు ఎందుకు భరించాలి? స్కాలర్‌షిప్పులకు చందాలిచ్చేవాళ్లం మనమే. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు 1 ఎకరం మూడేళ్లకు ఒక పరిశోధక విద్యార్థికి ఇవ్వండి. ఆ మూడేళ్లూ దిగుబడి తగ్గితే కౌలుదారుకు మేమే కట్టిస్తామని కాగితం మీద రాసివ్వండి.