కట్టెకు పేరు, తోలుకు పని

మంచి మృదంగం గురించి మాట వస్తే ముందు పనస కట్టె సంగతే వస్తుంది. చెట్టు ఎంత ముదిరింది, దుంగ ఎన్నేళ్లు ఆరింది, లోపల ఎంత మందం ఉంచి తొలిచారు అని అడుగుతారు. కట్టె కుదిరితే నాదం దానంతటదే పలుకుతుందన్న నమ్మకం చాలామందిది. ఆ గౌరవంలో కట్టెకు న్యాయంగా రావలసింది కొంతే. తక్కినదంతా కుడి మూత మీద గుండ్రంగా పూసిన నల్ల మచ్చకు చెందాలి. దాన్ని కరణి అంటారు. వండిన అన్నం మెత్తగా పిసికి, ఇనుము, మాంగనీసు కలిసిన నల్లరాయి పొడి అందులో కలిపి చేసిన ముద్ద అది. వంటింటి సరుకు సగం, రాళ్లపొడి సగం. అయినా వాయిద్యాల చరిత్రలో దానికి సాటిరాగల కల్పనలు కొద్దిగానే ఉన్నాయి.

అది ఏం చేస్తుందో తెలియాలంటే అది లేని తోలు ఎలా మోగుతుందో చూడాలి. వీణ తీగను మీటితే అసలు స్వరంతో పాటు దానికి సరిగ్గా రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అతిస్వరాలూ పుడతాయి. లెక్క సరిగ్గా కుదురుతుంది కాబట్టి చెవి వాటన్నిటినీ కలిపి ఒకే స్వరంగా వింటుంది. గుండ్రటి చట్రం మీద బిగించిన ఉత్త తోలుకు ఆ పొందిక లేదు. దాని కంపనాల నిష్పత్తి 1, 1.59, 2.14, 2.30, 2.65 అంటూ ఎక్కడా పూర్ణసంఖ్యకు పొసగకుండా పోతుంది. 1877లో వెలువడిన రేలీ ప్రభువు ధ్వనిశాస్త్ర గ్రంథంలోనే ఈ లెక్క ఉంది. అందుకే ఉత్త తోలు మోగుతుంది గాని స్వరం చెప్పదు. ఇది లోపమని అనుకోనక్కర్లేదు. డప్పునే చూడండి. దానికి ఏ గాయకుడి శ్రుతితోనూ పనిలేదు, ఊరంతా వినబడితే చాలు. చెమ్మకు సడలిన తోలును మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుంటే దాని శ్రుతి అక్కడితో సరి. తంబురా పక్కన కూర్చుని గంటలకొద్దీ షడ్జంతో కలిసి నడవాల్సిన మృదంగానికి మాత్రం ఆ సరిపెట్టు చాలదు.

ఈ తేడాను శాస్త్రం కంట పడేలా చేసినవాడు విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి.రామన్. కలకత్తాలో పనిచేస్తుండగా 1920లో ఒక సహచరుడితో కలిసి ‘నేచర్’ పత్రికలో చిన్న లేఖ రాశాడు. భారతీయ మద్దెలలు తీగల్లాగే పొందికైన అతిస్వరాలు పలుకుతాయని అందులో ప్రకటించాడు. 1934లో మరింత వివరంగా రాశాడు. తోలు మీద సన్నటి ఇసుక చల్లి వాయిస్తే, కదలని చోట్ల ఇసుక గీతలు కట్టి నిలుస్తుంది. ఆ గీతలను బట్టి ఏ దెబ్బకు తోలు ఏ తీరున కంపిస్తోందో ఆయన గుర్తించాడు. తేలిన విషయం ముచ్చటైనది. విడివిడిగా తొమ్మిది రకాల కంపనాలు ఉన్నా, అవి 1, 2, 3, 4, 5 అనే అయిదు మెట్ల మీదే గుంపులుగా వచ్చి చేరుతున్నాయి. కారణం నల్ల మచ్చ బరువే. తోలంతా ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగే మూలకంపనంలో ఎక్కువగా కదిలేది నడిమి భాగం. అక్కడ బరువు పెడితే అది బాగా నెమ్మదిస్తుంది. తోలు రెండు సగాలై ఎదురుబొదురుగా ఊగే తరవాతి కంపనంలో నట్టనడుమ కదలికే ఉండదు, కనుక దాని మీద బరువు భారం తక్కువ. కిందిది ఎక్కువ దిగి, పైది తక్కువ దిగేసరికి 1.59గా ఉన్న నిష్పత్తి సాగి రెండుకు చేరుతుంది. ‘నం’ అని పలికించేటప్పుడు వాద్యకారుడు ఉంగరపు వేలిని తోలుకు తేలిగ్గా ఆనించి చూపుడువేలితో అంచున కొట్టడంలోని గుట్టు ఇదే. ఆనిన వేలు మూలకంపనాన్ని అణిచేస్తుంది, పై కంపనాలు నిలుస్తాయి.

మరి ఎంత బరువు, ఎంత వెడల్పు? 1954లో బి.ఎస్.రామకృష్ణ, మన్ మోహన్ సోంధీ దీన్ని గణితంగా తేల్చారు. తోలు వ్యాసార్థంలో దాదాపు పదింట నాలుగు వంతులు మచ్చ ఉండాలి. అంతే జాగా తోలుతో పోలిస్తే అది సుమారు పది రెట్లు బరువుండాలి. (ఈ రామకృష్ణగారే తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు.) కరణి వేసే మనిషి చేతిలో ఈ అంకెలు లేవు, కాని చేసే పని అదే. ముద్దను చిటికెడు చిటికెడుగా పొర మీద పొరగా పూస్తాడు. ప్రతి పొరనూ నున్నటి రాయితో రుద్దుతాడు. మధ్యలో మందంగా, అంచుకు వచ్చేసరికి పలచగా దింపుతాడు. రుద్దుడుకు మచ్చ నిండా వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. చూసేవాళ్లకు చెడిపోయినట్టు కనిపించినా, అవి ఉండి తీరాలి. పగలని ముద్ద బిళ్లలా గట్టిపడి తోలును వంగనివ్వదు. పగిలితే బరువు బరువుగానే ఉంటుంది, తోలు మాత్రం స్వేచ్ఛగా వంగుతుంది. అప్పటి గణితం మచ్చ అంచును గోడలా నిట్టనిలువుగా ఊహించుకుంది. చేతికి తెలిసిన పల్చటి దింపుడును లెక్కలోకి తేవడానికి దశాబ్దాలు పట్టింది.

మచ్చలేని పాశ్చాత్య డోలు టింపనీ స్వరం పలుకుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అక్కడ పెద్ద తోలుతో పాటు ఊగే గాలి బరువే కంపనాలను సవరించి వాటిలో కొన్నిటిని 2, 3, 4, 5 పొందికకు దగ్గర చేస్తుంది. చిన్నదైన కుడి మూతకు ఆ గాలి సాయం చాలదు, బరువు తోలు మీదే పెట్టాలి. రెండు చోట్లా సూత్రం ఒకటే.

కట్టె తరఫు వాదన ఇంకా గట్టిది. కట్టె మారితే నాదం మారుతుందని అనుభవజ్ఞులు చెబుతారు, ఆ మాట అబద్ధం కాదు. అయితే కట్టె చేసే మేలు ఎక్కువగా తాను కదలకుండా ఉండడమే. బరువైన పనస బిగువును తట్టుకుంటుంది, తోలు శక్తిని తాను తినెయ్యదు కనుక నాదం నిలుస్తుంది. మూతి గుండ్రంగా, అంచు సమంగా ఉండాలి. పొడవు శ్రుతిని బట్టి ఉంటుంది: తగ్గు శ్రుతికి 24 అంగుళాల దాకా, హెచ్చు శ్రుతికి 22 దాకా. స్వరాన్ని పుట్టించేది ఇవేవీ కావు. ఫైబర్ మృదంగాలు కూడా కరణి సరిగ్గా పడితే శ్రుతిలోనే పలుకుతాయి. అమెరికాలో కోరి డ్రమ్ములు చేయించుకునేవాళ్లు మేపుల్ మేలా, బర్చ్ మేలా అని వాదించుకుంటూనే ఉంటారు. కాని 1957 నాటి మైలార్ ప్లాస్టిక్ పొరలు దూడ తోలు స్థానంలోకి రాగానే, అవే డబ్బాల మీద మోతా మారింది, వానాకాలం బెడదా తీరింది.

అయినా కట్టెకే పేరెందుకు? కారణం ధ్వనిశాస్త్రంలో లేదని నా అభిప్రాయం. కట్టె శుచి, తోలు మైల అనుకున్న సమాజం మనది. మేక, ఆవు, గేదె తోళ్లను చేత్తో తడిమి పొరను ఎంచేవాళ్లు, కరణి వేసేవాళ్లు చాలావరకు దళితులు. వాళ్ల పనిని కేంద్రంగా పెట్టి గాయకుడు టి.ఎం.కృష్ణ రాసిన పుస్తకం ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ వచ్చింది 2020లో. రామన్ లేఖకు సరిగ్గా నూరేళ్ల తర్వాత.

వీళ్లది ‘చేతి అలవాటు’ అని తీసిపారేసేవాళ్లు శ్రుతి చేసే తీరు ఒకసారి గమనించాలి. కుడి మూత చుట్టూ జడలా అల్లిన తోలు మీద పదహారు కన్నులుంటాయి. ఒక్కో కన్ను దగ్గరా మీటి, స్వరం తగ్గినచోట రాయితో ఆ అల్లికను కిందికి, హెచ్చినచోట పైకి కొడతారు. బిగువు ఒకవైపు హెచ్చితే, ఒకటిగా ఉండాల్సిన కంపనం రెండుగా చీలి నాదం అలలు అలలుగా వణుకుతుంది. ఆ వణుకు పూర్తిగా ఆగేదాకా పదహారు చోట్లా వినడం కొలత కాకపోతే మరేమిటి? ఎడమ మూత దగ్గరైతే బరువు పెట్టి చూసే ప్రయోగం కచేరీ కచేరీకీ జరుగుతుంది. వాద్యకారుడు బొంబాయి రవ్వను నీళ్లతో తడిపి ముద్దచేసి తోలు నడుమ అంటిస్తాడు. గుంకీ అనే గంభీర నాదం చాలకపోతే మరో చిటికెడు చేరుస్తాడు, మోత మొద్దుబారితే కాస్త గిల్లి తీస్తాడు. మంగళం పాడాక ఆ రవ్వ గీకేసి తోలు తుడిచి సంచిలో పెడతాడు.