గాయం మానిన తరువాత

ఎముక విరిగినవారికి కట్టు కట్టుట, తెగిన అవయవానికి బదులు కృత్రిమావయవాన్ని అమర్చుట - ఇంతటితో చికిత్స ముగిసినట్లు మనం సాధారణంగా భావిస్తాము. “ప్రాణం దక్కింది, అదే పదివేలు” అని బంధువులు ఓదారుస్తారు. ప్రేమతో అన్నదే అయినా అది రోగి నోరు మూయించే మాట. ప్రమాద దృశ్యం పదేపదే కళ్ళముందు మెదలి నిద్రకు దూరమైనవాడు ఆపైన తన బాధ ఎవరికి చెప్పుకుంటాడు?

శరీర వైద్యం జరిగే చోటనే మనసుకూ వైద్యం లభించాలన్న ఆలోచనకు మన దేశంలో తొలి రూపమిచ్చిన నగరం కలకత్తా. 1933లో అక్కడి కార్మైకేల్ వైద్య కళాశాలలో (నేటి ఆర్.జి. కర్ కళాశాల) డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ మానసిక రోగుల కోసం ఒక విభాగాన్ని ప్రారంభించారు. సాధారణ ఆసుపత్రిలో ఇటువంటి విభాగం దేశంలో అదే మొదటిది. పిచ్చాసుపత్రి గడప తొక్కడానికి జంకేవారికి ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. అదే నగరంలోని బన్‌హుగ్లీలో 1978లో అంగవైకల్యం గలవారి పునరావాసానికి జాతీయ సంస్థ వెలసింది.

రోగికి మొదట తెలుపవలసినది, అతని అనుభవం వింతది కాదన్న సంగతి. కాలు తీసివేసిన తరువాత కూడా ఆ కాలే నొప్పి పుడుతున్నట్లు, దురద పెడుతున్నట్లు తోచడం సర్వసాధారణం. మతి చలించిందంటారేమోనని పలువురు ఈ సంగతి దాచుకుంటారు. కాలు పోయినా మెదడులో దాని చిత్రం చెరిగిపోలేదని వివరించి చెబితే సగం భయం తీరుతుంది. ఉన్న అవయవపు ప్రతిబింబాన్ని అద్దంలో చూపి, లేని అవయవం కదులుతున్నట్లు మెదడుకు తోపింపజేసే పద్ధతిని 1990 దశకంలో వి.ఎస్. రామచంద్రన్ ప్రచారంలోకి తెచ్చారు. కొందరికి దానివలన నొప్పి తగ్గుతుంది, అందరికీ కాదు.

దిగులుపడిన రోగి వ్యాయామం మానుతాడు; కీళ్ళు బిగుసుకుంటాయి; నడక ఆలస్యమై దిగులు హెచ్చుతుంది. దీనిని సోమరితనమని ఇంటివారు నిందించరాదు. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుని సంప్రదించాలి. చావు తలపులు వస్తే ఒక్కరోజైనా ఆగరాదు.

ఈ బోధన రోగి మాతృభాషలో జరగడం అవసరం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడిన తెలుగువారు బజారులో బెంగాలీ, హిందీ చక్కగానే మాట్లాడతారు. కాని గుండెలో గుబులును చెప్పుకోవలసి వచ్చినప్పుడు నోట వచ్చేది తెలుగే. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ, 14416 సంఖ్యపై, తెలుగు సహా పలు భారతీయ భాషలలో రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తున్నది.