చంటిబిడ్డ తూకమే తల్లిపాలకు కొలత

పాడిగేదె పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చుచున్నదో ప్రతి రైతుకును తెలియును. పితికిన పాలు తపేలాలో కనిపించును. కేంద్రములో కొలిచి చీటీ వ్రాసి ఇత్తురు. తల్లిపాల సంగతి అట్లు కాదు. బిడ్డ ఎంత త్రాగినదో కంటికి కనిపించదు. కనుకనే ఇంటిలో అనుమానము పుట్టును. సాయంకాలము బిడ్డ గుక్కపట్టి ఏడ్చినచో "తల్లికి పాలు చాలుటలేదు" అని పెద్దలు తేల్చివేయుదురు. మరునాటినుండి నీళ్లు కలిపిన గేదెపాలు సీసాలో పోసి పట్టుట మొదలగును.

బిడ్డ ఏడ్చుటకు ఆకలి యొక్కటే కారణము కాదు. సీసాపాలతో కడుపు నిండిన బిడ్డ తల్లిరొమ్మును తక్కువగా చీకును. చీకుట తగ్గినకొలది తల్లికి పాలు ఊరుట తగ్గును. మొదట లేని కొరత ఈ విధముగా మనమే తెచ్చిపెట్టినట్లగును. దానికితోడు సరిగా కడుగని సీసావలన విరేచనములు పట్టుకొనును. మొదటి 6 నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడ అవసరము లేదు. ఆ పాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీరే గనుక వేసవిలోనైనను అవి చాలును.

పాలు చాలుచున్నవో లేదో తెలిసికొనుటకు రెండు గుర్తులు కలవు. మొదటిది ఇంటిలోనే చూడవచ్చును. అయిదారు రోజులు నిండిన బిడ్డ, తల్లిపాలు తప్ప వేరేదియు త్రాగకుండ, దినమునకు ఆరుసార్లో అంతకు మించియో పలుచని మూత్రము పోయుచున్నచో పాలు అందుచున్నట్లే. విరేచనము పసుపు పచ్చగా, పలుచగా ఉండుట జబ్బు కాదు. నెలన్నర దాటిన పిదప కొందరు బిడ్డలకు కొన్ని దినములు విరేచనమే కాకపోవచ్చును; బిడ్డ హుషారుగా ఉండి, కడుపు మెత్తగా ఉన్నచో దానికై ఆముదము పట్టరాదు.

రెండవ గుర్తు తూకము. పుట్టిన మొదటి దినములలో బిడ్డ కొంచెము తగ్గుట సహజము. 3 కిలోల బిడ్డ 200 గ్రాముల వరకు తగ్గినను తొందరపడనక్కరలేదు. రెండు వారములలో పుట్టినప్పటి బరువునకు తిరిగి రావలెను. పిదప మొదటి 3 నెలలు దినమునకు సుమారు 25 మొదలు 30 గ్రాములు పెరుగును. తరువాత ఈ వేగము తగ్గును. 5, 6 నెలలకు పుట్టిన బరువు రెండింతలు, ఏడాదికి సుమారు మూడింతలు అగును. మొదటి మూడు నెలలలో ఏ నెలయందైనను 500 గ్రాములకు తక్కువగా పెరిగినచో పాలు చాలుట లేదనుకొని వెంటనే ఆరోగ్య సిబ్బందికి చూపవలెను. అపుడైనను సీసా పట్టుట మొదటి పని కాదు. బిడ్డ రొమ్మును సరిగా నోట పట్టుచున్నదా, రాత్రులు కూడ పాలిచ్చుచున్నారా అని ముందు చూతురు.

మూడు నెలల తరువాత వేగము తగ్గుట చూచి భయపడువారు చాలమంది. ఈ భయమునకు పాత పటములు కూడ కొంత కారణము. 1977లో అమెరికాలో తయారై అనేక దేశములకు ప్రాకిన పటములోని పసివారిలో ఎక్కువమంది డబ్బాపాలు త్రాగినవారు. ఆ గీతలతో పోల్చినపుడు తల్లిపాల బిడ్డ చక్కగా ఉన్నను వెనుకబడినట్లు కనిపించెడిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 మొదలు 2003 వరకు మన ఢిల్లీతో సహా ఆరు దేశములలో తల్లిపాలు త్రాగిన పిల్లలను కొలిచి, 2006లో కొత్త పటములను ప్రకటించినది. మన అంగన్‌వాడీలలో నేడు వాడుచున్నవి ఇవే. మగబిడ్డకు, ఆడబిడ్డకు వేరువేరు పటములు కలవు; ఒకరి బరువును వేరొకరి పటములో గుర్తించరాదు.

తల్లీబిడ్డల కార్డులోని పటములో ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు ఉండును. బిడ్డ ఏ పట్టీలో ఉన్నదని మాత్రమే అడిగి ఊరకుండుట చాలదు. గీత ఎటు పోవుచున్నదో చూడవలెను. చిన్నదిగా పుట్టిన బిడ్డ పసుపు పట్టీలో ఉండి నెలనెలకు పైకి పోవుచున్నచో అది మేలు. ఆకుపచ్చలోనే ఉండి రెండు నెలలుగా గీత చదునుగా సాగుచున్న బిడ్డను గూర్చి ఎక్కువ జాగ్రత్త పడవలెను. ప్రక్క ఇంటి బొద్దుబిడ్డతో పోలిక అనవసరము.

దినదినము తూచుటవలన లాభము లేదు. ఒక పూట పాలు త్రాగినంతనే దినము పెరుగుదలకు మించి ముల్లు జరుగును. వ్రేలాడు కాటా గీతలు 100 గ్రాముల కొకటి చొప్పున ఉండును. నెలకొకసారి, అదే కాటాపై, వీలయినంత తక్కువ బట్టలతో తూచిన చాలును. తూచినచో దిష్టి తగులునని వెనుదీయువారు కలరు. ధాన్యము ఎన్నిమార్లు కాటా కెక్కినను తరుగుట మనమెవ్వరమును చూడలేదు గదా!

ఇక రైతులకు ప్రత్యేకముగా చెప్పవలసినది సార్వా నాట్ల సంగతి. మూడు నెలల బిడ్డను ముసలమ్మకు అప్పగించి తల్లి ఉదయమే ముఠాతో పొలమునకు దిగును. సీసా ఇంటికి వచ్చుట తరచు ఈ దినములలోనే. బాలింతకు ఊరి దగ్గరి మడి కేటాయించి, మధ్యలో రెండుసార్లు పాలిచ్చుటకు విడిచిపుచ్చినచో నాటు ఆగిపోదు; ఆ సమయమునకు కూలి కోయుట న్యాయము కాదు. దూరపు పొలమైనచో తల్లి వెళ్లుటకు ముందు చేతితో పాలు పిండి, మరిగించి ఆరబెట్టిన గిన్నెలో మూతపెట్టి చల్లనిచోట ఉంచవలెను. వాటిని మరల కాచరాదు. మన ఎండలకు ఎక్కువసేపు నిలువ ఉంచక, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవలెను. పురుగుమందు కొట్టిన చేలో దిగిన తల్లి సబ్బుతో కడుగుకొని, చీర మార్చుకొని బిడ్డను తీసికొనవలెను.

గ్రామాధికారులు అంగన్‌వాడీకి పోయినపుడు కాటాను ఒకసారి చూడగోరుచున్నాము. ఖాళీగా ఉన్నపుడు ముల్లు సున్నపై నిలువవలెను. అంకెలు చూపు కాటాయైనచో సమమైన గచ్చుపై ఉండవలెను. తెలిసిన 2 కిలోల గుండు పెట్టి చూచిన నిజము తేలును. తేడా ఉన్నచో సరిచేయించువరకు ఆ కాటాపై తూచిన బరువులను కార్డులో ఎక్కించరాదు.